మెక్సికో టెలీనోవెలాలు, లాటిన్ పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మేం కొత్తగా దిగిన అపార్ట్‌మెంట్‌కి పక్క పోర్షన్‌లో మెక్సికోలోని మోంతెర్రే నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవారు. సాయంత్రం ఏడయ్యేసరికి గోడ అవతల ముందు ఒక పాట, ఆ వెంటనే ఎవరిదో ఏడుపు వినిపించేది. నెల తిరక్కుండానే నేనూ ఆవిడ సోఫాలో కూర్చుని చూడటం మొదలుపెట్టాను. పొయ్యి మీద బీన్స్ గిన్నె కలుపుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో కథ చెప్పేవారు. అప్పటి నుంచి మా వాళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్నలివి.

టెలీనోవెలా అంటే మన డైలీ సీరియలేనా?

చూడటానికి అలాగే ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజూ వస్తుంది, ఇంట్లో వాళ్లంతా కలిసి చూస్తారు, ఎపిసోడ్ సరిగ్గా గుండె ఆగే చోట ఆపేస్తారు. కానీ ఒక పెద్ద తేడా ఉంది. టెలీనోవెలాకి ముగింపు ఉంటుంది. మామూలుగా ఆరు నెలలు, మహా అయితే ఏడాది. వందో, నూట యాభయ్యో ఎపిసోడ్లు అయ్యాక ఆఖరి రోజు వస్తుంది. దాన్ని 'గ్రాన్ ఫినాల్' అంటారు, పండగలా చూస్తారు.

పేరులోనే ఉంది చూడండి, నోవెలా అంటే నవల. నవలకి చివరి పేజీ ఉన్నట్టే దీనికీ చివరి రోజు ఉంటుంది. మన దగ్గర రేటింగ్ బాగుంటే సీరియల్ ఐదారేళ్లు నడుస్తుంది, చనిపోయినవాళ్లు తిరిగొస్తారు, పిల్లలు ఒక్క ఎపిసోడ్‌లో పెద్దవాళ్లైపోతారు. ఇలాంటి మలుపులన్నీ అక్కడా ఉన్నాయి. కాకపోతే తప్పు చేసినవాళ్లకి శిక్ష ఎప్పుడో ఒకప్పుడు కచ్చితంగా పడుతుందన్న ధీమాతో చూస్తాం. నన్ను కట్టిపడేసింది ఆ ధీమానే.

ఇదంతా ఎక్కడ మొదలైంది?

మూలం మెక్సికో కాదు, క్యూబా. 1865 నుంచి హవానా చుట్టల ఫ్యాక్టరీల్లో ఒక అలవాటు ఉండేది. కార్మికులు పొగాకు చుడుతుంటే ఎత్తైన కుర్చీలో కూర్చుని ఒకాయన పేపర్లు, నవలలు పైకి చదివేవాడు. ఆయన జీతం కార్మికులే చందాలేసుకుని ఇచ్చేవాళ్లు. ఒక నవలని రోజుకి కొంచెం చొప్పున పదిమందీ కలిసి వినడం అక్కడ అలవాటైంది. మాంతేక్రిస్తో అనే చుట్టల బ్రాండ్‌కి ఆ పేరు అలా చదివిన నవల నుంచే వచ్చిందని చెబుతారు.

తర్వాత రేడియో వచ్చింది. 1948లో హవానాలో ఫెలిక్స్ కేఞ్యెత్ రాసిన 'ఎల్ దెరెచో దె నాసెర్' అనే రేడియో నాటకం వస్తుంటే క్యూబా అంతా రేడియోల దగ్గరే ఉండేదంటారు. పెళ్లికాని తల్లికి పుట్టి, ఇంటి పనిమనిషి చేతుల్లో పెరిగి డాక్టరైన అబ్బాయి కథ అది. అందులో ముసలి తాతకి రహస్యం తెలుస్తుంది, చెప్పబోయేలోపు పక్షవాతంతో మాట పడిపోతుంది. ఆ పాత్ర వేసిన నటుడు ఎక్కువ డబ్బు అడగడంతో రచయిత అతని మాట ఆపేశాడని చెబుతారు. చివరికి అదే కథకి ప్రాణమైంది. తాత ఎప్పుడు మాట్లాడతాడా అని జనం ఎదురుచూశారు.

మెక్సికోలో మొదటి టెలీనోవెలా 'సెందా ప్రొహిబీదా', 1958లో వచ్చింది. రాసింది ఫెర్నాందా వియేలి అనే మహిళ, ముఖ్యపాత్ర వేసింది సిల్వియా దెర్బెస్. డబ్బు పెట్టింది సబ్బులు, టూత్‌పేస్టులు అమ్మే కంపెనీ. 1973లో తెలెవీసా అనే టీవీ సంస్థ ఏర్పడ్డాక ఇది పెద్ద పరిశ్రమగా మారింది.

కథలన్నీ ఒకటే కదా? పేదపిల్ల, గొప్పింటి అబ్బాయి?

చాలావరకు అవును, నేను కాదనను. 1970ల్లో మన వారపత్రికల సీరియల్ నవలల్లో ఆరడుగుల హీరో, పడవంత కారు, మధ్యతరగతి అమ్మాయి ఆత్మాభిమానం ఉండేవి కదా. ఆ నవలలు చదివి పెరిగిన మా అమ్మకి ఈ కథల్లో కొత్తేమీ అనిపించలేదు. రెండో ఎపిసోడ్‌కే "ఆ అబ్బాయి తల్లి ఒప్పుకోదు చూడు" అంది. ఒప్పుకోలేదు.

తెలెవీసాలో వాలెంతిన్ పిమ్‌స్తైన్ అనే నిర్మాత, చిలీ దేశస్థుడు, ఈ తరహా కథకి పెద్ద పేరు తెచ్చాడు. 1979లో ఆయన తీసిన 'లోస్ రీకోస్ తంబియెన్ యోరాన్' అంటే 'డబ్బున్నవాళ్లూ ఏడుస్తారు' అని. మరియానా అనే అనాథపిల్ల ఒక గొప్పింటికి వస్తుంది, ఆ ఇంటి కొడుకుని పెళ్లి చేసుకుంటుంది, భర్త అనుమానంతో వదిలేసి వెళ్తాడు. మతి చలించిన స్థితిలో తన పసిబిడ్డని వీధిలో లాటరీ టికెట్లు అమ్ముకునే ఒక ముసలావిడ చేతిలో పెట్టేస్తుంది. స్పృహ వచ్చాక కొడుకు కోసం ఏళ్ల తరబడి వెతుకుతుంది. ఈ కథే 1995లో తాలియా నటించిన 'మరియా ల దెల్ బార్రియో'గా మళ్లీ వచ్చింది. అందులో హీరోయిన్ చెత్తకుప్పల్లో ఏరుకుని బతికే పిల్ల.

పాత కథని మళ్లీ తీయడం అక్కడ చిన్నతనం కాదు. మన నాటకాల్లో ఒకే పద్యాన్ని ఎవరెలా పాడతారో వినడానికి జనం వెళ్లేవాళ్లు కదా, అలాగే కొత్త నటి ఆ బిడ్డని ఎలా వదిలేస్తుందో చూడటానికి కూర్చుంటారు.

కానీ అన్నీ ఇవే కాదు. 1997లో టీవీ అస్తెకా ప్రసారం చేసిన 'మిరాదా దె ముహెర్'లో హీరోయిన్ వయసు యాభై. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, భర్త వేరే అమ్మాయి కోసం వదిలేస్తాడు. ఆవిడ తనకంటే చిన్నవాడైన ఒక మగాణ్ని ప్రేమిస్తుంది. ఆన్‌హెలికా అరాగోన్ ఆ పాత్ర చేసింది. యాభై ఏళ్ల ఆడదానికి మనసుంటుందని రోజూ రాత్రి టీవీలో చూపించడం అప్పుడు ఎంత పెద్ద విషయమో మన ఇళ్లలో ఊహించుకుంటే చాలు.

విలన్ల గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

ఎందుకంటే కథని నడిపేది వాళ్లే. 1986లో మొదలైన 'కూనా దె లోబోస్'లో కతలీనా క్రీల్ అనే పాత్ర ఉంది. నటి మరియా రూబియో. ఒక కంటికి గంత కట్టుకుంటుంది, ఏ రంగు బట్టలు వేసుకుంటే ఆ రంగు గంత. చిన్నప్పుడు సవతి కొడుకు బొంగరం తగిలి కన్ను పోయిందని ఇంటిల్లిపాదికీ చెబుతుంది. ఆ అబ్బాయి ఆ తప్పు మోస్తూ పెరిగి పెద్దవాడవుతాడు. మొదటి ఎపిసోడ్‌లోనే భర్తకి తెలుస్తుంది, ఆమె కన్ను నిక్షేపంలా ఉందని. ఆ రోజే ఆయన్ని విషమిచ్చి చంపుతుంది. ఒక పిల్లవాడి అపరాధభావాన్ని అన్నేళ్లపాటు ఆయుధంగా వాడుకోవడం కత్తులూ తుపాకులకంటే భయంకరం. 1987లో చివరి ఎపిసోడ్ రోజు మెక్సికో సిటీ వీధులు ఖాళీ అయ్యాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక 'మరియా ల దెల్ బార్రియో'లో సొరాయా. మీరు ఆ వీడియో ముక్క ఫోన్లో చూసే ఉంటారు. తలుపు తోసుకుని గదిలోకి వస్తుంది. తాను కోరుకున్న కుర్రాడు వీల్‌చెయిర్‌లో ఉన్న అమ్మాయిని ముద్దు పెట్టుకుంటూ కనిపిస్తాడు. ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, ఆ అమ్మాయి వైకల్యాన్ని తిడుతూ గొంతు చించుకుని అరుస్తుంది. అడ్డొచ్చిన ప్రతివాళ్ల మీదా పడుతుంది. ఇంటర్నెట్‌లో జనం దాన్ని నవ్వుకోవడానికి వాడతారు. ఒక్కసారి పూర్తి సీన్ చూడండి. సొరాయాగా చేసిన ఇతాతి కంతొరాల్ ఎక్కడా ఒక్క అంగుళం వెనక్కి తగ్గదు, ఆ మొహంలో నిజంగా ఉన్మాదం కనిపిస్తుంది. ఆ స్థాయిలో నటించి పట్టు తప్పకుండా ఉండటం చాలా కష్టం.

ఈవిడ తండ్రి రొబెర్తో కంతొరాల్. లాటిన్ దేశాలన్నీ పాడుకునే 'ఎల్ రెలోహ్' అనే బొలేరో పాట రాసినాయన. తెల్లారితే ప్రియురాలు వెళ్లిపోతుంది, గంటలు కొట్టకు అని గడియారాన్ని బతిమాలే పాట అది. తండ్రి పాట, కూతురు నటన పక్కపక్కన పెట్టి చూడండి. మనసులో ఉన్నది దాచుకోకుండా పూర్తిగా బయటపెట్టడం రెండింట్లోనూ కనిపిస్తుంది.

ఇలా పెద్దగా ఏడవడం, అరవడం చూసి సిగ్గేయదా?

వేయదు. మా నాన్న పోయిన ఏడాది నేను ఇండియాకి సమయానికి చేరుకోలేకపోయాను. తిరిగొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేక, సాయంత్రం వెళ్లి ఆ సోఫాలో కూర్చున్నాను. తెర మీద ఎవరో తల్లి కొడుకుని పట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. పెద్దావిడ ఏమీ అడగలేదు, నా చేతిలో ఒక గుడ్డ పెట్టి టీవీ సౌండ్ పెంచారు.

మెక్సికో కథ రష్యాలో ఎలా ఆడింది?

డబ్బింగ్‌తో. 1991 చివర్లో, సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజుల్లో, 'డబ్బున్నవాళ్లూ ఏడుస్తారు' అక్కడి టీవీలో మొదలైంది. షాపుల్లో సరుకుల్లేవు, జీతాలకి విలువ లేదు, రేపేమవుతుందో తెలియని టెన్షన్. అలాంటప్పుడు సాయంత్రం మరియానా కనిపించేది. 1992లో మరియానాగా నటించిన వెరోనికా కాస్త్రో మాస్కో వెళ్తే జనం విరగబడ్డారు. ఫిలిప్పీన్స్‌లో 1996లో తాలియా 'మరిమార్'కి కూడా అంతే.

మన దేశానికి వీటితో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ మూలంలోనే. ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు చాలా సంతోషం.

1969లో పెరూలో 'సింప్లెమెంతె మరియా' అనే టెలీనోవెలా వచ్చింది. పల్లె నుంచి లీమాకి వచ్చి పనిమనిషిగా చేరిన అమ్మాయి రాత్రిబడికి వెళ్లి చదువు నేర్చుకుని, కుట్టుమిషన్ మీద బతుకు కట్టుకుంటుంది. ఆ సీరియల్ నడుస్తున్నప్పుడు సింగర్ కుట్టుమిషన్ల అమ్మకాలు పెరిగాయి. తెర మీద ఆమె పెళ్లి సీన్ తీస్తుంటే వేలమంది మంచి బట్టలు కట్టుకుని, కానుకలు పట్టుకుని చర్చికి వచ్చారు.

ఇది గమనించినవాడు తెలెవీసాలో పనిచేసే మిగేల్ సబీదో. అనుకోకుండానే ఇంత జరిగితే, అనుకుని చేస్తే ఎంత జరగాలి అని ఆలోచించాడు. 1975లో 'వెన్ కొన్మీగో' తీశాడు, పెద్దవాళ్ల చదువు మీద. ఒక ఎపిసోడ్‌లో ఉచిత పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో చెబితే మర్నాడు వేలమంది అక్కడికి వెళ్లి మెక్సికో సిటీలో ట్రాఫిక్ ఆగిపోయింది. తర్వాత కుటుంబ నియంత్రణ మీద 'అకొంపాఞ్యమె' తీశాడు. మంచి పాత్ర ఒకటి, చెడ్డ పాత్ర ఒకటి, మధ్యలో ఊగిసలాడే పాత్ర ఒకటి. ప్రేక్షకులు ఆ మూడో మనిషితో పాటు నడుస్తారు. ఆయన పద్ధతి స్థూలంగా ఇదే.

ఆ పద్ధతే దూరదర్శన్‌కి వచ్చింది. 1984 జులై 7న మొదలైన 'హమ్ లోగ్' ఆ మెక్సికో నమూనా చూసి తలపెట్టిందే. మనోహర్ శ్యామ్ జోషి రాశారు, 156 ఎపిసోడ్లు నడిచింది. ప్రతి ఎపిసోడ్ చివర అశోక్ కుమార్ వచ్చి ఆ రోజు జరిగినదాని గురించి మాట్లాడేవారు. ప్రముఖ నటుడితో చివర్లో నాలుగు మాటలు చెప్పించడం కూడా సబీదో పద్ధతే. అంటే ఇవాళ మన ఇళ్లలో రోజూ నడిచే సీరియల్ వంశవృక్షంలో మెక్సికో ఒక పెద్దకొమ్మ.

తర్వాత కూడా రాకపోకలు సాగాయి. కొలంబియాలో ఫెర్నాందో గైతాన్ రాసిన బెట్టీ కథ హిందీలో 2003లో 'జస్సీ జైసీ కోయీ నహీ' అయింది. అర్జెంటీనా స్కూల్ కథ 'రెబెల్దె వే' హిందీలో 'రీమిక్స్' అయింది, మెక్సికోలో 'రెబెల్దె' అయింది. 2004లో 'రుబీ' చేసిన బార్బరా మోరి, 2010లో 'కైట్స్'లో హృతిక్ రోషన్ పక్కన నటించింది.

నటులు రోజూ అన్ని డైలాగులు ఎలా గుర్తుపెట్టుకుంటారు?

చాలామంది గుర్తుపెట్టుకోరు. చెవిలో చిన్న పరికరం ఉంటుంది, 'అపుంతదోర్' అంటారు. ఎవరో పక్కన కూర్చుని డైలాగు చదువుతుంటే చెవిలో వినిపిస్తుంది, నటులు వెంటనే చెబుతారు. మన సీరియల్ సెట్లలో ప్రాంప్టింగ్ ఉన్నట్టే. మాట వింటూనే కన్నీళ్లు తెచ్చుకోవాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి. అది వేరే విద్య.

టైటిల్ సాంగ్‌కి అంత ప్రాధాన్యం ఎందుకు?

ఎందుకంటే చాలాసార్లు హీరోయినే పాడుతుంది. 1979 కథకి వెరోనికా కాస్త్రోనే పాడింది. తాలియా నటించిన 'మరియా' సీరియళ్ల పాటలన్నీ తాలియావే. తాలియా అంతకుముందు 'తింబిరిచె' అనే పిల్లల బృందంలో పాడేది. రిక్కీ మార్టిన్ ప్రపంచానికి తెలియకముందు 1991లో 'అల్కన్సార్ ఉనా ఎస్త్రేయా' రెండో భాగంలో నటించాడు. షకీరా కూడా కొలంబియాలో ఒక టెలీనోవెలా చేసింది.

'రెబెల్దె' అయితే ఇంకో అడుగు ముందుకెళ్లింది. కథలో స్కూలు పిల్లలు ఒక బ్యాండ్ పెడతారు, ఆ బ్యాండ్ ఆర్‌బీడీ నిజంగానే ఆల్బమ్‌లు వేసి స్టేడియంలు నింపింది. 2008లో విడిపోతున్నట్టు చెప్పారు, 2023లో మళ్లీ టూర్ చేశారు.

లాటిన్ మ్యూజిక్ అంతా ఒకటే కదా?

కాదు. కర్ణాటక సంగీతం, తీన్మార్, ఎంకి పాటలు, మాస్ ఐటమ్ సాంగ్ అన్నీ కలిపి 'తెలుగు మ్యూజిక్' అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నాకు తెలిసినంతలో చెబుతాను.

బొలేరో క్యూబాలో పుట్టి మెక్సికోలో పెరిగింది. నెమ్మదిగా, గిటార్ల మీద, చెవిలో చెప్పినట్టుండే ప్రేమ పాట. 1944లో న్యూయార్క్‌లో కలిసిన 'లోస్ పాంచోస్' త్రయం దీన్ని ఊరూరా తీసుకెళ్లింది. 2023లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. అర్ధరాత్రి లైట్లు తీసేసి వినాల్సిన పాటలివి.

రంచేరా పల్లెపాట. ప్రేమ, ఓటమి, తాగుడు, పౌరుషం ఉంటాయి. దీనికి తోడు మరియాచీ బృందం ఉంటుంది. వయొలిన్లు, ట్రంపెట్లు, చిన్న గిటార్ లాంటి విహువేలా, పెద్ద పొట్టున్న గితర్రోన్. హలిస్కో రాష్ట్రం వీళ్ల పుట్టిల్లు. పాట మధ్యలో వాళ్లు వేసే కేక ఒకటుంది, సగం ఏడుపు, సగం నవ్వు. ఆ కేక అలవాటైతే రంచేరా మీకు పట్టుబడినట్టే.

బాందా సినలోవా రాష్ట్రానిది. ట్యూబా, క్లారినెట్, డ్రమ్ములు. మా ఊళ్లో పెళ్లి బ్యాండు మేళం విన్న చెవులకి ఇది వెంటనే నచ్చుతుంది. నోర్తేఞ్యోలో అకార్డియన్ ఉంటుంది, జర్మన్ వలసదారుల పోల్కా ప్రభావం. కుంబియా కొలంబియా తీరం నుంచి, సల్సా న్యూయార్క్‌లోని క్యూబా, ప్యూర్టోరికో జనం నుంచి వచ్చాయి. సల్సాలో రెండు కర్రముక్కల మీద ఐదు దెబ్బలు పడతాయి, క్లావె అంటారు. పాటంతా దాని మీదే నిలబడుతుంది. తాళం తప్పితే మన కచేరీలో ఎలా తెలుస్తుందో అక్కడా అలాగే తెలిసిపోతుంది.

'దెస్పాసీతో' ఏ రకం?

రెగెటాన్ కలిసిన పాప్. 2017లో అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది. కింద మోగే ఆ దరువుని దెంబో అంటారు, జమైకా నుంచి పనామా మీదుగా ప్యూర్టోరికో చేరింది. రెగెటాన్ మొదట్లో అక్కడి పేదవాడల్లో క్యాసెట్ల మీద తిరిగిన పాట.

హువాన్ గాబ్రియేల్ ఎవరు? ఆయన పేరెత్తితే మెక్సికో వాళ్లు ఎందుకు కళ్లు తుడుచుకుంటారు?

పాటలు రాసి పాడే మెక్సికో గాయకుడు. 1950లో మిచొవకాన్ రాష్ట్రంలోని పరాక్వరోలో పుట్టాడు. తండ్రి లేడు. తల్లి ఇళ్లలో పనిచేస్తూ పెంచలేక సియుదాద్ హువారెస్‌లో ఒక పిల్లల ఆశ్రమంలో చేర్చింది. అక్కడే పాట నేర్చుకున్నాడు. కుర్రతనంలో చేయని దొంగతనానికి జైల్లో ఉన్నాడు. 1971లో మొదటి హిట్ పాట, తన దగ్గర డబ్బు లేదు, ఇవ్వడానికి ప్రేమే ఉందని.

1974లో తల్లి చనిపోయింది. 'అమోర్ ఎతెర్నో' ఆవిడ కోసం రాసిన పాట. మొదట రోసియో దూర్కాల్ గొంతులో రికార్డయింది. మెక్సికోలో అంత్యక్రియల్లో ఇది పాడతారు, మే 10న తల్లుల దినం నాడు పాడతారు. పక్కింటి పెద్దావిడ ఆ రోజు ఉదయమే పెట్టుకునేవారు. వాళ్లమ్మ ఫొటో ముందు కుర్చీ వేసుకుని, పాట అయ్యేదాకా కదిలేవారు కాదు.

1990లో ఆయన పలాసియో దె బెయాస్ ఆర్తెస్‌లో పాడతానంటే కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఒపేరాలు జరిగే చోట జనం పాటలేంటని. ఆయన జాతీయ సింఫనీతోనూ మరియాచీతోనూ పాడాడు. కచేరీ వీడియోలో మొదట కదలకుండా కూర్చున్న ప్రేక్షకులు కాసేపటికి లేచి నిలబడతారు. 2016 ఆగస్టు 28న చనిపోయాక అస్థికలు అదే భవనానికి తెచ్చారు, జనం లక్షల్లో వచ్చారు.

సెలీనా మెక్సికో అమ్మాయేనా?

ఈ గాయని టెక్సస్ అమ్మాయి. ఇంట్లో ఇంగ్లీషే. స్పానిష్ మాటలు ఉచ్చారణ నేర్చుకుని పాడి, తర్వాత భాష నేర్చుకుంది. తెలుగు రాకుండా తెలుగులో గొప్పగా పాడిన గాయనిగాయకులు మనకి తెలుసు కాబట్టి ఆ కష్టం మనకి అర్థమవుతుంది. 1995 మార్చి 31న, 23 ఏళ్లకి, కార్పస్ క్రిస్టీలో హత్యకు గురైంది. అక్కడ సముద్రం ఒడ్డున ఆమె విగ్రహం ఉంది. మేం వెళ్లినప్పుడు దాని ముందు పది, పన్నెండేళ్ల పిల్లలు ఆమె పాట పాడుతున్నారు. వాళ్లెవరూ ఆమె బతికుండగా పుట్టినవాళ్లు కాదు.

స్పానిష్ రాకుండా వినొచ్చా?

వినొచ్చు, మనకి ఒక సౌకర్యం కూడా ఉంది. స్పానిష్ 'త', 'ద' మన 'త', 'ద'ల్లాగే పలుకుతారు. చాలా మాటలు తెలుగులోలా అచ్చుతో ముగుస్తాయి, అందుకే పాట నోటికి ఎక్కుతుంది. 'జోస్' అని చదవకండి, హోసే. 'జువాన్' కాదు, హువాన్. ఇంగ్లీషు అక్షరాల్లో రెండు ఎల్‌లు పక్కపక్కనే కనిపిస్తే 'య' అనుకోండి. నెల రోజులు సీరియల్ చూస్తే 'తె అమో', 'పెర్దోనమె', 'మి ఇహో' వాటంతటవే వచ్చేస్తాయి. ప్రేమ, క్షమాపణ, నా కొడుకు. ఎక్కువ కథలు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

టెలీనోవెలాల కాలం అయిపోయిందా?

మారింది. టర్కీ సీరియళ్లు వాటి టైమ్ స్లాట్లలోకి వచ్చాయి, కుర్రవాళ్లు ఓటీటీలో పదేసి ఎపిసోడ్ల సిరీస్‌లు చూస్తున్నారు. అయినా 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో 'ల కాసా దె లాస్ ఫ్లోరెస్' వస్తే, అందులో ఇంటి పెద్దావిడ ఎవరనుకున్నారు? వెరోనికా కాస్త్రో. పాటల్లో అయితే ఇప్పుడే మంచి కాలం. 2023లో 'ఎయా బైలా సోలా' అనే పాట బిల్‌బోర్డ్ హాట్ హండ్రెడ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. మెక్సికో ప్రాంతీయ పాట మొదటి పదిలోకి రావడం అదే మొదటిసారి.

ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ముందు పాటతో. 'ఎల్ రెలోహ్' వినండి, ఆ తర్వాత హువాన్ గాబ్రియేల్ 1990 కచేరీ. సీరియళ్లలో 'మరియా ల దెల్ బార్రియో' ఎవరికైనా పట్టేస్తుంది. పెద్దవాళ్లుంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి, సబ్‌టైటిల్స్ మీరు చదివి చెప్పండి. మా అమ్మ అలాగే చూసింది. బిడ్డని లాటరీ టికెట్ల ఆవిడ చేతిలో పెట్టిన రోజు ఫోన్లో పిన్నికి కథంతా చెప్పి, "ఆ పిల్లాడు దొరుకుతాడు లేవే, ఇది అయిపోయే సీరియలేనట" అంది.